మూడో ట్యాంకు కొలత

రాత్రంతా కమ్ముకున్న మబ్బు తెల్లవారినా కదల్లేదు. కురిసే మబ్బు కాదు, విడిపోయే మబ్బూ కాదు. తడి దుప్పటి కప్పినట్టు డిపో మీదా, దాని వెనక వీధి మీదా ఒకటే బూడిద రంగు. బావ పక్క మీంచి లేస్తూనే కిటికీలోంచి ఆకాశాన్ని చూశాడు. నూనె కొలిచేవాడికి ఆకాశంతో పని ఉంటుంది. తేటగా ఉన్న రాత్రి చలి పడుతుంది. చలికి ట్యాంకులో డీజిల్ ముడుచుకుని మట్టం కాస్త దిగుతుంది. దిగినదాన్ని చలి మీదికి నెట్టెయ్యొచ్చు. ఈ రోజుకి ఆ దారి మూసుకుంది.

అతను డిపో యజమానులకు బావ, వాళ్ళక్క మొగుడు. వాళ్ళ పిలుపు విని లారీ డ్రైవర్లు, గేటు మనిషి, ఎదురుగా టీకొట్టువాడు అందరూ బావా అనే పిలిచేవారు. "ఇంతమంది బావమరుదులున్నారు, టీ మాత్రం నా డబ్బులతోనే తాగాలి" అని ఏడాదికొక్కసారి అనేవాడు. మిగతా ఏడాదంతా పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఇరవయ్యెనిమిదేళ్ళుగా ట్యాంకులెక్కి కొలతలు తీయడమే అతని పని. డిపో ఆవరణలోనే రెండు గదుల ఇల్లు.

యజమానులు ఇద్దరు. తండ్రి పోయాక పెద్దవాడు రాజకీయాల్లోకి వెళ్ళాడు, చిన్నవాడు డిపోలో కూర్చున్నాడు. "ఒకడు మాటలు పోస్తాడు, ఒకడు నూనె పోస్తాడు. గొట్టాలు రెండు, ట్యాంకు ఒకటే" అని జనం అనుకునేవారు. పెద్దవాడు రోడ్ల మంత్రి అయ్యాక రోడ్లు వేసే యంత్రాలన్నీ ఈ డిపోకే వచ్చి డీజిల్ పోయించుకునేవి. ఇప్పుడు అతనికి చమురు శాఖే ఇస్తారని, నాలుగు రోజుల్లో ప్రమాణం ఉంటుందని పేపర్లు రాశాయి.

సరిగ్గా అప్పుడే వెనక వీధి నూతుల్లో డీజిల్ వాసన మొదలైంది. ఆ వీధి టైలరు ఒక గిన్నెతో నీళ్ళు తెచ్చి బావ కళ్ళముందే అగ్గిపుల్ల గీశాడు. నీళ్ళ మీద నీలిమంట తిరిగింది.

"మా నుయ్యి మీ బావమరుదులకంటే నయం బావా, ఊరికే పోస్తోంది" అన్నాడు టైలరు. నవ్వలేదు.

వీధివాళ్ళు అర్జీల మీద అర్జీలు పెడితే తనిఖీకి ఇద్దరు అధికారులు వచ్చారు. నిన్న సాయంత్రం మూడో ట్యాంకు వాల్వులన్నీ మూసి సీలు వేశారు. మట్టం కొలిచారు. ఆరు వేల నూట నలభై మిల్లీమీటర్లు. పొద్దున్న మళ్ళీ కొలిచినప్పుడు అంతే ఉంటే ట్యాంకు మంచిది. తగ్గితే అడుగున చిల్లు ఉన్నట్టు. ట్యాంకు ఖాళీ చేసి, డిపో మూసి, నేల తవ్వాలి.

చిల్లు ఉందని బావకు నెల రోజులుగా తెలుసు. చిన్నవాడికి రెండుసార్లు చెప్పాడు. ప్రమాణం అయ్యాక చూద్దాం అన్నాడు చిన్నవాడు.

చొక్కా తొడుక్కుంటుంటే భార్య గుమ్మంలో నిలబడింది.

"నాలుగు రోజులు. అంతే కదా. ఆ తర్వాత వాడే బాగు చేయిస్తానన్నాడు."

"ఊఁ."

"ఊఁ కాదు. మీ నోట్లోంచి ఏం వస్తుందో కాస్త చూసుకోండి."

"నా నోట్లోంచి వచ్చేదే తక్కువ."

"ఆ వచ్చే ఒక్కటీ ఈ రోజే రాకూడదని. ఈ ఇల్లు వాళ్ళిచ్చిందే. నాకు పుట్టినిల్లని మిగిలింది వాళ్ళిద్దరే. ఆ మాట మర్చిపోకండి." ఆగి, "మధ్యాహ్నం ఇద్దరూ ఇక్కడే తింటారు. మీరూ వేళకి రండి" అంది.

డిపోలో చిన్నవాడు మబ్బును తిడుతున్నాడు. "రోజూ చలేస్తుంది, నిన్న రాత్రే దీనికి జాలి పుట్టింది" అని బావను పక్కకి లాగాడు. "నిన్నటి అంకెనే అరిచి చెప్పు బావా. నీకు నోరు రాకపోతే నీ ఇష్టం, పైనుంచి ఏదో ఒకటి అను. కింద గుమస్తా మాత్రం నలభై అనే అంటాడు, నలభై అనే రాస్తాడు. వాళ్ళు వినేది గుమస్తా మాటే. అర్థమైందా?"

"మరి నేనెందుకు ఎక్కడం?"

"ఎవరో ఒకరు ఎక్కాలి కదా!"

అధికారులు కూడా ఎక్కొచ్చు. వాళ్ళు ఎక్కకుండా ఉండటానికే మంత్రి వచ్చాడు. మంత్రి కింద నిలబడి కబుర్లు చెబుతుంటే వదిలేసి నిచ్చెన ఎక్కే అధికారి ఇంకా పుట్టలేదు. పెద్దవాడు ఇద్దరి మధ్యా నిలబడి పెద్ద అధికారి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తాళం కప్పలా అక్కడే ఉండిపోయింది.

"బావా, మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అని పలకరించాడు.

"ఎక్కడానికి బాగానే ఉన్నాయి. దిగేటప్పుడే ఆలోచిస్తాయి."

అందరూ నవ్వారు. బావ టేపు భుజాన వేసుకుని ఎక్కాడు. నలభై రెండు మెట్లు.

పైన మూత తెరిచి వాసన తగ్గేదాకా ఆగాడు. టేపు మీద ఆరు మీటర్ల గుర్తు దగ్గర, డీజిల్ తగిలితే రంగు మారే పేస్టు పల్చగా రాసి, కొసన ఇత్తడి గుండున్న ఆ టేపును నెమ్మదిగా వదిలాడు. గుండు అడుగుకి తగిలింది వేళ్ళకి తెలిసింది. పైకి లాగి, పేస్టు రంగు మారినచోటు చూశాడు. ముప్పై ఒకటి. గుడ్డతో తుడిచి మళ్ళీ వదిలాడు. రెండోసారీ ఆరు వేల నూట ముప్పై ఒకటే. రాత్రికి రాత్రి తొమ్మిది మిల్లీమీటర్లు. వినడానికి చీమంత. అంత వెడల్పు ట్యాంకులో అది ఎనిమిది డ్రమ్ములు.

ట్యాంకు మీంచి గోడ అవతల వీధి కనిపిస్తోంది. నూతి మీద రేకు కప్పి రాయి పెట్టారు. నీళ్ళ బండి కోసం బిందెలు వరసలో ఉన్నాయి. మనుషులు ఇళ్ళలో ఉన్నారు, బిందెలే నిలబడ్డాయి. ఇటువైపు తన ఇంటి పొగగొట్టంలోంచి వంట పొగ లేస్తోంది.

"ఏంటి బావా, పైన కాపురం పెట్టావా?" అని చిన్నవాడు అరిచాడు.

బావ ట్యాంకు అంచు కమ్మీల దగ్గరికి వచ్చాడు. తను ఏమన్నా గుమస్తా రాసేది రాస్తాడని తెలుసు. అయినా టేపు మీద ఉన్నదే అరిచాడు.

"ఆరు వేల నూట ముప్పై ఒకటి!"

గుమస్తా నోరు తెరిచాడు. అతని కంటే ముందే ఇంకో గొంతు లేచింది. మైకు లేకుండా పదివేల మందికి వినిపించే గొంతు.

"ఆరు వేల నూట ముప్పై ఒకటి!"

మంత్రి అన్నాడు. అధికారితో రోడ్ల సంగతి చెబుతూ, అటు తిరక్కుండానే అన్నాడు. తర్వాత చేతిని భుజం మీంచి తీసేశాడు.

పైన కొలిచినవాడు అరిస్తే కింద రాసేవాడు అదే అంకె తిరిగి అరవాలి. డిపో పెట్టిన తండ్రి ఆనవాయితీ అది. కాలేజీ సెలవుల్లో పెద్దవాడిని పుస్తకం ఇచ్చి కింద నిలబెట్టేవాడు. తిరిగి చెప్పడం ఆలస్యమైతే పైనుంచి డీజిల్ గుడ్డ నెత్తిన పడేది. నాలుగు వేసవులు గడిచాక గుడ్డ పడటం మానేసింది. ఆ అలవాటు అతనికి తెలియకుండానే అతనిలో ఉండిపోయింది.

గుమస్తా కలం గాలిలో ఆగింది. చిన్నవాడి వైపు చూశాడు.

"గాలికి సరిగా వినపడక..." అన్నాడు చిన్నవాడు.

"గాలెక్కడుంది?" అన్నాడు పెద్ద అధికారి. థర్మామీటరు తెప్పించి చూశాడు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేదు. "మంత్రిగారే చెప్పారుగా. రాసుకో బాబూ."

గుమస్తా రాశాడు. అధికారులు సంతకాలు పెట్టి, ట్యాంకు ఖాళీ చెయ్యమని కాగితం ఇచ్చి, టీ వద్దని వెళ్ళిపోయారు.

చిన్నవాడు ఆ కాగితం మడిచి అన్న వైపు చూశాడు. "చట్టసభలో ఐదేళ్ళు తెరవని నోరు ఇక్కడ తెరిచావ్."

"అలవాట్రా."

"అలవాటట!" అని బావ వైపు తిరిగాడు. "నీకేమొచ్చింది? నువ్వూ అలవాటే అంటావా?"

"కాదు" అన్నాడు బావ. "నేను తెలిసే అన్నాను."

పెద్దవాడు రుమాలుతో మెడ తుడుచుకుని, "అక్క ఎదురుచూస్తుంటుంది, పదండి" అన్నాడు. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు ఆవరణ దాటారు. ఒకరి అడుగుల చప్పుడు ఒకరికి వినిపిస్తూనే ఉంది.

ఆవిడ కిటికీలోంచి అంతా విన్నది. పెద్ద తమ్ముడి గొంతు విన్నాక ఇంకెవరినీ అడగాల్సిన పని లేకపోయింది. నాలుగు కంచాలు పెట్టింది. ఎప్పుడూ మగవాళ్ళు తిన్నాక తినేది, ఈ రోజు తనూ కూర్చుంది. మంత్రి జేబులో ఫోను మోగింది. మోగి ఆగింది, మళ్ళీ మోగింది. అతను తీసి చూడకుండానే కట్టేసి కంచం పక్కన బోర్లా పెట్టాడు. చిన్నవాడు కూర వైపు చెయ్యి చాపితే బావ గిన్నె అటు జరిపాడు. చిన్నవాడు వడ్డించుకున్నాడు, తల ఎత్తలేదు. ఆవిడ ఎవరి ముఖమూ చూడకుండా అన్నం గిన్నె వరసగా తిప్పింది. వద్దన్నవాళ్ళు లేరు, కావాలన్నవాళ్ళూ లేరు.