మలుపు కాడి బ్రేకర్

చెన్నయ్య గడ్డపార మొనను తారు కిందికి దూర్చి, ఒంటి బరువంతా దాని మీద వేసి వంగాడు. స్పీడ్ బ్రేకర్ అంచు పెళ్లగా లేచింది. పెళ్లను ఉత్త చేతులతోనే ఎత్తి తట్టలో వేశాడు. చేతి తొడుగులు చిరిగిపోయి చాలా కాలమైంది. కొత్తవి అడిగినప్పుడల్లా మేస్త్రి జంగయ్య చూద్దామంటాడు. ఆయన చూసేలోగా చెన్నయ్య గోళ్ల సందుల్లో తారు శాశ్వతంగా కాపురం పెట్టింది. డీజిల్ గుడ్డతో రుద్దినా పోదు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. తట్టలు మోసీ మోసీ ఎడమ భుజం ఒక పక్కకు జారిపోయింది. పూడ్చిన గుంతనే మళ్లీ పూడ్చడంలో సగం జీవితం గడిచింది. బండ్ల మీద పోయేవాళ్లకు నారింజ రంగు జాకెట్ కనిపిస్తుంది గానీ, అందులోని మనిషి కనిపించడు.

ఆ ఆదివారం పని గుంతలు పూడ్చడం కాదు. ఇబ్రహీంపట్నం నుంచి యాచారం వైపు పోయే దారిలో ఉన్న బ్రేకర్లన్నీ ఆ రోజే తీసెయ్యాలని పైనుంచి ఆర్డరు. ఏదో పెద్ద సైకిల్ రేసట. దేశదేశాల ఆటగాళ్లు వచ్చి, రోజుకో ఊరి నుంచి ఇంకో ఊరికి తొక్కుతారట. వాళ్ల సన్నటి టైర్లకు బ్రేకర్లు అడ్డమట. గుంతల గురించి జనం ఏళ్ల తరబడి మొత్తుకుంటే కదలనివాళ్లు, సైకిళ్లు అనగానే ఎంత చురుగ్గా లేచి కూర్చున్నారో!

తీయాల్సిన వాటిలో చెన్నయ్య ఊరి మలుపు దగ్గరి బ్రేకర్ కూడా ఉంది. ఆ మాట జంగయ్య ముందురోజే చెప్పాడు. అప్పటి నుంచి చెన్నయ్యకు ముద్ద దిగలేదు.

భార్య సిద్దమ్మ పోయింది ఆ మలుపులోనే. పత్తి ఏరి ఇంటికి వస్తున్న మనిషిని మట్టి టిప్పర్ కొట్టేసింది. ఊరంతా శవాన్ని రోడ్డు మీద పెట్టుకుని కూర్చుంది. అటూ ఇటూ బండ్లు ఆగిపోయాయి. పోలీసులు వచ్చారు, అధికారులు వచ్చారు, ఏం కావాలో చెప్పమన్నారు. డబ్బు అడగమన్నారు చుట్టాలు. కొడుకు బాలేష్‌కు ఉద్యోగం అడగమన్నారు ఇంకొందరు. చెన్నయ్య అవేవీ అడగలేదు.

"ఈడ బ్రేకర్ ఎయ్యుండ్రి. ఏసినంకనే ఆమెను లేపుతం" అన్నాడు.

చీకటి పడకముందే తారు బండి వచ్చింది. తారు పొగలు కక్కుతుండగానే సిద్దమ్మను పాడె మీదికి ఎత్తారు. ఆ తర్వాత ఆ మలుపులో ఒక్క ప్రాణం పోలేదు. బతుకు మొత్తంలో చెన్నయ్య నోరు తెరిచి అడిగి సాధించింది అదొక్కటే. బాలేష్ మాత్రం తండ్రిని క్షమించలేదు. "అమ్మ పాణానికి తారు ముద్ద అడిగినవ్" అని తాగినప్పుడూ అన్నాడు, తాగనప్పుడూ అన్నాడు. ఇప్పుడు ఆదిభట్లలో కాంట్రాక్టు కింద పనిచేస్తూ కంపెనీ బస్సులో పోయి వస్తున్నాడు. తండ్రితో అవసరానికి మించి మాట్లాడడు.

చాయ్ వేళకు కూలీలంతా ఇబ్రహీంపట్నం చౌరస్తాలోని బుచ్చి హోటలుకు పోయారు. అక్కడ పట్నం నుంచి సైకిళ్లు తొక్కుకుంటూ వచ్చే ఆదివారం గుంపు అప్పటికే రెండు బల్లలు ఆక్రమించింది. ఒంటికి అతుక్కున్న రంగురంగుల బట్టలు, బల్లల మీద హెల్మెట్లు. వాళ్ల పెద్ద రఘునందన్ చాయ్ గ్లాసులను వరసగా పేర్చి రూటు వేస్తున్నాడు.

"రాసిపెట్టుకో, యాచారం దిక్కే వస్తది" అన్నాడు రఘునందన్. "ఇగో, ఈడ ఎత్తు ఎక్కుతరు. ఎక్కినంక ఆ మలుపు, దాని ముంగట దిగుడు. గుంపు తెగేది ఆడనే."

"టీవీవాళ్లు ఆ ఇరుకు రోడ్డుకెందుకు వస్తారన్నా?" అన్నాడు సిద్ధార్థ అనే కుర్రాడు. "మహేశ్వరం వైపు రోడ్డు వెడల్పు. ఎయిర్‌పోర్టూ దగ్గరే, పెద్ద హోటళ్లూ దగ్గరే."

"అటంతా చదును కదా!" అంది హిమజ. "గుంపంతా కబుర్లు చెప్పుకుంటూ వచ్చి, చివర్లో నలుగురు లేచి ఉరుకుతారు. చూడ్డానికేముంది, అప్పటిదాకా నిద్రపోవచ్చు."

"యాచారం రోడ్డుకు ఒకటే దరిద్రం, ఆ మలుపు కాడి బ్రేకర్" అన్నాడు రఘునందన్. "ఏ మహానుభావుడు ఏపిచ్చిండో గని, నా నడుము సగం అదే తిన్నది."

అందరూ నవ్వారు. చెన్నయ్యకు ఒళ్లు మండింది. ఆ మహానుభావుణ్ని నేనే అని చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ సిద్దమ్మ పేరును వాళ్ల గ్లాసుల మధ్య పెట్టడానికి మనసు ఒప్పలేదు. అంతలో ఇంకో సంగతి తట్టి చాయ్ గ్లాసుతోనే బల్ల దగ్గరికి నడిచాడు.

"రూటు ఇంక తేలలేదా సార్?"

"లేదు కాకా. రెండు రూట్లు చూసిండ్రు. ఇయ్యాల సాయంత్రం మ్యాప్ పెడ్తరు."

చెన్నయ్య గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. తేలనే లేదు! తేలని దానికి తాను పొద్దున్నుంచి తారు పీకుతున్నాడు.

"కాకా, మీరేమంటారు? యాచారమా, మహేశ్వరమా?" హిమజ నవ్వుతూ అడిగింది.

"మహేశ్వరం" అన్నాడు చెన్నయ్య. మొక్కు చెప్పుకున్నట్టు అన్నాడు.

బల్లంతా గొల్లుమంది. "సొంత రోడ్డును కాదంటున్నవేంది కాకా!" అని రఘునందన్ భుజం తట్టాడు. ఈయన కూడా మన బాపతేనని వాళ్లకు ముచ్చటేసింది. తేలగానే జర ఫోన్ చెయ్యమని చెన్నయ్య బతిమాలితే, హిమజ సంతోషంగా నంబరు తీసుకుంది. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు చాయ్ తాగించాలని పందెం కూడా కట్టుకున్నారు.

చెన్నయ్య వెనక్కి వచ్చి జంగయ్యను పట్టుకున్నాడు.

"మలుపు కాడిది జర సాయంత్రం దాక ఉంచుదం జంగయ్యా. రూటింక తేలలేదంట."

"తేలితె నాకేంది, తేలకపోతె నాకేంది చెన్నన్నా? తియ్యమన్నరు, తియ్యాలె. కంప్రెషర్ ట్రాక్టర్ మూడు గొట్టంగ వాపస్ పోతది." ఆ మాట అన్నాక జంగయ్య తల దించుకున్నాడు. పాడె మోసిన నలుగురిలో అతనూ ఒకడు. "నువ్వు ఆడికి రాకు. నీడకు కూసో. మేం జేస్తం."

"ఒద్దు. నేనే తీస్త."

మధ్యాహ్నం ఎండలో కంప్రెషర్ ఆ బ్రేకర్ వెన్ను మీద మోత మొదలుపెట్టింది. మిగతా బ్రేకర్లు ఊరికే పెళ్లలుగా లేచాయి. ఇది లేవలేదు. ఆ రోజు తారు చిక్కగా పొయ్యమని, గట్టిగా తొక్కించమని దగ్గరుండి చెప్పినవాడు చెన్నయ్యే మరి. చేసిన మంచి పని కూడా మనిషి మీద ఇట్లా పగ తీర్చుకుంటుందేమో. గడ్డపార పట్టిన అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి.

బాలేష్ బండి మీద అటుగా వచ్చి ఆగాడు. తండ్రినీ, పగిలిన తారునూ మార్చి మార్చి చూశాడు.

"నీ సేతులతోనే తీస్తున్నవా బాపు?"

"అవ్."

ఇన్నేళ్లు ఎత్తిపొడిచిన బాలేష్, ఎత్తిపొడవాల్సిన రోజున గేరు వేసి, పెళ్లలు తీసేసిన చోటు మీదుగా బండి పోనిచ్చాడు.

పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది. చెన్నయ్య కాలువ గట్టు మీద కూర్చుని అరచేతులకు పసుపు అద్దుకుంటున్నాడు.

"కాకా, మీరే గెలిచారు!" హిమజ గొంతు నవ్వుతోంది. "మహేశ్వరమే! మా రఘు అన్న ముఖం చూడాలి మీరు. ఎట్లా చెప్పగలిగారు కాకా? వచ్చే ఆదివారం మీ చాయ్ మా మీద."

"మంచిదమ్మా" అన్నాడు చెన్నయ్య. ఫోన్ పెట్టేశాడు. గెలుపంటే ఇట్లా కూడా ఉంటుందని ఆయనకు అంతకుముందు తెలియదు. కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. అవతలి చేలో కలుపు తీస్తున్నవాళ్లు చూస్తారని తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు జంగయ్యను అడిగితే, "తియ్యనీకె ఆర్డర్ ఇచ్చిండ్రు గని పెట్టనీకె ఇయ్యలేదే" అన్నాడు. ఆఫీసు మెట్లు ఎక్కితే అక్కడా అదే మాట, కాస్త మర్యాదగా చెప్పారు. ఇక అప్పటి నుంచి పని దిగగానే చెన్నయ్య ఆ మలుపులో నిలబడసాగాడు. చేల నుంచి ఆడవాళ్లు తిరిగొచ్చే వేళ వచ్చే బండ్లకు తువ్వాల ఊపేవాడు. కొందరు నెమ్మదించేవాళ్లు. కొందరు తిట్టేవాళ్లు. పట్నం సైకిళ్లవాళ్లు చెయ్యి ఊపి సర్రున దిగిపోయేవాళ్లు. చాయ్ తాగడానికి మాత్రం చెన్నయ్య పోలేదు.

శ్రావణంలో ఒక సాయంత్రం ముసురు పట్టి రోడ్డు సరిగా కనిపించలేదు. టిప్పర్ డ్రైవరుకు తువ్వాల కూడా కనిపించలేదట.

ఊరు మళ్లీ రోడ్డు మీద కూర్చుంది. అధికారులు మళ్లీ వచ్చి ఏం కావాలో చెప్పమన్నారు. ఊరి పెద్ద ఒకాయన బాలేష్ పక్కన గొంతుక్కూర్చుని, బ్రేకర్ అడుగుదామా అన్నాడు.

"ఒద్దు" అన్నాడు బాలేష్. తండ్రి అరచేతిని ఒళ్లో పెట్టుకుని, గోళ్లలోని తారును తన గోటితో గీకుతున్నాడు. "అడిగితె ఏస్తరు. మల్ల ఎవ్వలో వస్తున్నరంటె తీస్తరు. పైసలే అడుగుండ్రి."

పైసలు ఇస్తామన్నారు. శవాన్ని లేపారు. గంటలోపే బండ్లు మామూలుగా పోయాయి.

బ్రేకర్లు తీయమన్న ఆర్డరులో బోర్డుల మాట లేదు. అందుకే ఆ మలుపుకు ముందు, తుప్పు పట్టిన ఇనుప కాళ్ల మీద, పసుపు రంగు రేకు బోర్డు ఇంకా నిలబడే ఉంది: ముందు స్పీడ్ బ్రేకర్ ఉన్నది, నెమ్మదిగా వెళ్లండి.