సిస్టరమ్మ నడిచిన దూరం

ఉదయం ఏడున్నరకల్లా ఆమె ప్రసూతి వార్డు తలుపు తీసి, ముందు కిటికీలు తెరిచేది. తరువాత జ్వరాలు చూసి చార్టుల్లో రాసేది; దుప్పట్ల అంచులు సరిచేసేది. వార్డు ఆ చివర ఎవరైనా మూలిగితే ఈ చివరనుంచి మూడంగల్లో చేరేది. వార్డు చిన్నదేమీ కాదు. ఆమె నడిస్తే దూరం తగ్గేది, ఆమె పక్కన నడిచేవారికీ తగ్గేది. అందులో ఆయాలకు గానీ డాక్టర్లకు గానీ వింతేమీ కనిపించలేదు. స్ట్రెచరు తోసే ముసలాయన మాత్రం ఆమె చేతిలో పని ముగిసేదాకా గుమ్మంలో కాచుకునేవాడు.

"సిస్టరమ్మా, ఎక్స్‌రే గదిదాకా కాస్త పక్కన నడువు తల్లీ. మోకాళ్ళు అరిగిపోయాయి."

"అరిగింది మోకాళ్ళు కాదు తాతా, నీకు బద్ధకం పెరిగింది" అంటూనే నడిచేది.

అలా నడుస్తూనే హెడ్ నర్సయింది, నర్సుల సంఘానికి నాయకురాలయింది. ఎన్నికల్లో నిలబడినప్పుడు, ప్రత్యర్థి ఒక వీధి ముగించేలోగా ఆమె నియోజకవర్గమంతా గడపగడపకూ తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చుంది. ఆరోగ్య మంత్రిగా ప్రమాణం చేసిన రోజున పాత వార్డువాళ్ళంతా వచ్చి ఈలలు వేశారు.

రెండో నెలలో, కొండమీది ఊరి మంత్రసాని ఆమె కార్యాలయానికి వచ్చింది. సోఫా చూపిస్తే కూర్చోలేదు.

"అమ్మాయ్, మా ఊరికి ఆరోగ్య కేంద్రం ఎందుకివ్వరు?"

"ఐదు కిలోమీటర్లలోపు ఆసుపత్రి ఉంటే ఇంకొకటి ఇవ్వకూడదని నియమం పెద్దమ్మా. రికార్డులో మీ ఊరు మూడు కిలోమీటర్లే."

"మూడా? నిరుడు నా కోడలికి నొప్పులొస్తే పొద్దున్నే డోలీ కట్టాం. మధ్యాహ్నమైనా మీ ఆసుపత్రి గేటు కనపడలేదు. దారిలోనే కాన్పయింది, బిడ్డ దక్కలేదు. ఇప్పుడు దానికి మళ్ళీ తొమ్మిదో నెల. ఆ మూడు కొలిచిన మహానుభావుడెవరో పిలువు, చూస్తాను."

మంత్రి ఫైలు తెప్పించింది. కొలత తేదీ చూడగానే ఆమె వేలు కాగితం మీదే ఆగిపోయింది. ఆ రోజు తాను నర్సుగా టీకాల పెట్టె పట్టుకుని కొండెక్కింది. కుక్కలంటే భయమున్న సర్వేయరు, తోడుంటుందని, కొలత గొలుసు ఈడ్చుకుంటూ గేటునుంచి ఊరిదాకా ఆమె పక్కనే నడిచాడు. కొలతలో పొరపాటు లేదు. పొరపాటంతా తోడులోనే ఉంది.

"అతని పక్కన నడిచింది నేనే పెద్దమ్మా" అంది.

మంత్రసాని ఆమెను ఎగాదిగా చూసింది. "నడిచావు, సరే. ఇప్పుడేం చేస్తావు? కూర్చుని ఏడుస్తావా?"

కేంద్రాల జాబితా మీద మంత్రివర్గ నిర్ణయం గురువారం నాలుగు గంటలకు. అది దాటితే మరో ఏడాది దాకా ఆ మాటే ఎత్తరు. మంత్రి సర్వేయరును పిలిపించింది.

"మళ్ళీ కొలవండి. ఈసారి నేను రాను."

"మేడమ్, కుక్కలు..."

"కర్ర పట్టుకెళ్ళండి."

బుధవారం వెళ్ళిన మనిషి గురువారం మూడున్నరకు కూడా తిరిగి రాలేదు. మంత్రి ఫైళ్ళు మూసి మెట్లు దిగింది. డ్రైవరు కారు తలుపు తీశాడు గానీ, కారులో కూర్చుంటే దూరం ఆమె మాట వినదు. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని నడక సాగించింది. నగరం దాటి, ఆసుపత్రి దాటి, కొండదారి నడుమ ఒక బండమీద కూలబడ్డ సర్వేయరును చేరుకుంది. అతని పాదాలు వాచిపోయి ఉన్నాయి.

"పద్నాలుగు కిలోమీటర్లు మేడమ్. రెండు కుక్కలు."

"సంతకం పెట్టారా?"

"కొండమీదే పెట్టాను. ఊరిపెద్ద కూడా పెట్టాడు."

"అయితే లేవండి. ఇప్పుడు నేను పక్కన ఉండవచ్చు."

నాలుగు కొట్టేసరికి ఇద్దరూ సమావేశ మందిరంలో ఉన్నారు. తివాచీ నిండా ఎర్రమట్టి అడుగులు పడ్డాయి. ప్రభుత్వాన్ని నడిపే పెద్దాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"అప్పుడు మూడు, ఇప్పుడు పద్నాలుగు. ఊరేమైనా జరిగిందా?"

"ఊరు జరగలేదండీ. అప్పుడు పక్కన నేనున్నాను."

"అదా సంగతి" అని ఆయన తల పంకించాడు. "అలాగైతే ఈవిడ తోడుండగా కొలిచిన ఊళ్ళన్నీ మళ్ళీ కొలవాలి. రాసుకోండి." లెక్క తేలేసరికి అటువంటి ఊళ్ళు ఇరవై ఆరు. కొలతలు తరువాత సరిచూసుకుందామని ఇరవై ఆరింటికీ అప్పుడే కేంద్రాలు మంజూరు చేశారు. నర్సుల సంఘం ఆఫీసులో ఆ సాయంత్రం కుర్చీలు చాలక జనం కిటికీలెక్కి కూర్చున్నారు.

కొండమీద భవనానికి ఇంకా పునాది పడలేదు. అయినా పదో రోజుకల్లా ఒక నర్సు అక్కడ బడి పక్క గదిలో మంచం వేయించి, కిటికీలు తెరిచింది. పన్నెండో రోజు ఉదయం మంత్రి బల్లమీద ఫోను మోగింది. అవతల మంత్రసాని.

"అమ్మాయ్, మా కోడలు గడప దాటి ఆ మంచందాకా వెళ్ళడానికి ముప్పై రెండు అడుగులు పట్టింది. నేనే లెక్కపెట్టాను. నువ్వు పక్కన లేవు, ఎవరూ లేరు, తన కాళ్ళమీద తనే నడిచింది. ఆడపిల్ల. ఇదిగో విను, ఎలా అరుస్తోందో!"