మోచేతి కింద తలుపు

విమానం వంటగదిలోంచి ఊడదీసిన ఆ మైక్రోవేవ్ ఓవెన్ వర్క్‌షాపులో మూడోసారి బల్లెక్కింది. ముందు రెండుసార్లూ అక్కడి మెకానిక్కే దాన్ని పరీక్షించి, లోపమేమీ లేదని ముద్ర కొట్టి పంపాడు. రెండుసార్లూ అది గాల్లోకి లేచాక మొండికేసింది. దాన్ని ఊడదీసి పంపుతున్నది పరాయివాడూ కాదు, విమానాల దగ్గర పనిచేసే అతని బావమరిదే.

బాగున్న సామాను పీకి విమానాలను ఆలస్యం చేస్తున్నాడని పైవాళ్లు ఆ బావమరిది మీద గుర్రుగా ఉన్నారు. ఈసారి కూడా ఓవెన్ బాగుందని తేలితే ఇంటికి పొమ్మంటామని చెప్పేశారు. అప్పట్నుంచీ మెకానిక్ భార్య కంచం ముందు పెడుతోందేగానీ నోరు విప్పడం లేదు. తమ్ముడి మాటే ఆమె మాట. నిన్న ఆ తమ్ముడు ఫోన్లో అన్నాడు:

"నేనేమన్నా సరదాకి పీకుతున్నానా బావా? నీ ముద్ర చూపించి నన్ను కడిగేస్తున్నారు."

ఆ మాట ములుకులా గుచ్చుకుంది. అయినా లేని జబ్బుకి మందెక్కణ్ణుంచి తెస్తాడు? మెకానిక్‌కి తన చేతిపని మీదున్నంత నమ్మకం ఇంక దేనిమీదా లేదు మరి. తీగలు చూశాడు, ఫ్యూజు చూశాడు, లోపలి ఫ్యాను తిప్పి చూశాడు. అన్నీ లక్షణంగా ఉన్నాయి. గ్లాసుడు నీళ్లు లోపల పెట్టి, తలుపేసి, మీట నొక్కి, ఎప్పట్లాగే ఓవెన్ మీదికి వాలాడు. మీటరు బల్ల వెనక గోడకుంది, వాలితేగానీ ముల్లు కనపడదు. నీళ్లు సలసలా కాగాయి. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

మళ్లీ నీళ్లు పెట్టాడు. ఇంతలో అలమరలో ఫోను మోగింది. బావమరిదే అయివుంటాడనుకుంటూ అటు అడుగేశాడో లేదో, ఓవెన్ గప్‌చుప్‌గా ఆగిపోయింది.

వెనక్కొచ్చి తలుపును వేలితో నొక్కాడు. నడిచింది. వదిలాడు. ఆగింది. మడతబందు వదులై తలుపు ఓ వెంట్రుకవాసి కుంగింది. తలుపు పడిందని ఓవెన్‌కి చెప్పే చిన్న స్విచ్చి నొక్కుకోవడం లేదు. ఇక్కడ వాలినప్పుడల్లా తలుపును నొక్కిపెట్టింది అతని మోచెయ్యి. విమానంలో ఎవరు వాలతారు?

బందు బిగించి, ఇది కొత్తగా వచ్చిన లోపమని రాసేస్తే అడిగేవాళ్లు లేరు. బావమరిది ఉద్యోగమూ నిలుస్తుంది. కానీ ముందు రెండుసార్ల మచ్చ జన్మంతా వాడికే ఉంటుంది. మెకానిక్ వెళ్లి సూపర్వైజరమ్మను పిలుచుకొచ్చాడు.

"నా మోచెయ్యి చూడండి మేడమ్," అని వాలాడు, లేచాడు.

ఆమె రెండుసార్లు చేయించి చూసింది. "మరి అంతకుముందో?"

"అప్పుడూ ఈ మోచెయ్యే."

జేబులోంచి ముద్ర తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని తీసుకెళ్లిపోయింది. ఇక అది తిరిగొచ్చేదాకా అతను దేన్నీ పాస్ చేయలేడు.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి ఎత్తాడు. తప్పు నీది కాదురా, నాదేనని మొత్తం చెప్పాడు.

"అక్కకి మాత్రం నువ్వే చెప్పు బావా," అన్నాడు బావమరిది.