అమ్మకానికి లేని నీలం గుండీ

ఆ గురువారం పొద్దున మా ఇంట్లో గొడవ టీలో వేసే ఆకు దగ్గర మొదలైంది. చలి ముదిరిందంటే మా అత్తగారు యామ్నా టీ కూజాలో పుదీనాతో పాటు శీబా ఆకు కూడా వేస్తారు. మా ఆయన మిమూన్‌కు ఆ చేదు గిట్టదు.

"ఇది టీయా, కషాయమా అమ్మా?" అన్నాడు గ్లాసు పక్కకు తోసి.

"మీ నాన్న బతికినన్నాళ్లూ ఇదే తాగారు."

"అందుకేనేమో, ఏ ఫోటోలో చూసినా మొహం చిట్లించుకునే ఉంటాడు."

"మొహాల సంగతి నువ్వెత్తకు. నువ్వు పుట్టినప్పుడు నిన్ను చూసి మంత్రసాని నన్ను ఓదార్చింది."

రెండు కూజాలు పెడతానని నేనన్నాను. "ఒకే ఇంట్లో రెండు కూజాలా? మనమేమైనా వేరు పడ్డామా?" అని అత్తగారు నా మీదికి తిరిగారు. మిమూన్ నవ్వలేదు. అప్పుడు తెలిసింది నాకు, అతని చిరాకు ఆకు మీద కాదని.

"నిన్న కాఫీ కొట్టులో ఒకడు అందరి ముందూ అడిగాడు," అన్నాడు. "ఏరా మిమూన్, మీ అమ్మ చెయ్యి ఇప్పుడు ఫెస్ బజార్లో అమ్ముతున్నారట, ఎంతకిస్తారు అని. అందరూ నవ్వారు. బహీజా, ఇక చాలు. ఆ ఫోటోలన్నీ తీసెయ్. పేజీ మూసెయ్. రేపటికల్లా అయిపోవాలి."

బూట్లు వేసుకుని ఆఫీసుకు వెళ్లిపోయాడు. టీ తాగలేదు.

మా సెఫ్రూ ఊళ్లో గుండీలు అల్లని ఇల్లు తక్కువ. కాఫ్తాన్, జెల్లాబా లాంటి పొడుగు అంగీలకు మెడ నుంచి కిందిదాకా వరసగా కుట్టే చిన్న చిన్న గుండీలు. లోపల గుడ్డ బిగించి చుట్టి, పైన పట్టుదారంతో సూదితో అల్లుతారు. మా అత్తగారి తల్లీ అదే చేసింది, ఆమె తల్లీ అదే చేసింది. దళారీ సంచీ పట్టుకుని గుమ్మాల ముందుకు వచ్చి, దండలుగా గుచ్చిన గుండీలు తీసుకుపోయేవాడు. అవి ఏ ఊళ్లో ఏ పెళ్లికూతురి మెడ కింద మెరిశాయో అల్లినవాళ్లకు తెలిసేది కాదు. తొడుక్కున్నవాళ్లకూ వీళ్లెవరో తెలిసేది కాదు.

నేను ఫెస్ పట్నంలో డిగ్రీ చదివి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. నా అల్లిక బాగుండదు. ఇప్పటికీ అత్తగారు నా గుండీలను చూసి, "దిండుకు పనికొస్తాయి," అంటారు. కానీ ఫోటో తీయడం నాకు చేతనవును. డాబా మీది ఎండలో దానిమ్మ రంగు నారింజలా పడుతుంది. వంటింటి కిటికీ దగ్గర, ఎండ ఇంకా ఎదురింటి గోడ మీదే ఉన్నప్పుడు తీస్తే దారం రంగు దారం రంగులాగే వస్తుంది. అలా తీసి, గుండీలు అమ్మడానికి ఇంటర్‌నెట్‌లో ఒక పేజీ పెట్టాను. మా సందులో ఆడవాళ్లు ఒక్కొక్కరే తమ దండలు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. దళారీ రాక తగ్గి, చివరికి ఆగిపోయింది.

ముఖాలు మాత్రం పెట్టవద్దని మిమూన్ మొదటే చెప్పాడు. అత్తగారూ ఒప్పుకోలేదు. అందుకని ఫోటోల్లో ఎప్పుడూ చేతులే. వాటిలో నాకు బాగా నచ్చినది అత్తగారి చెయ్యి. బొటనవేలి మీద రొట్టెల పొయ్యి కాల్చిన మచ్చ, ఆ వేలి మీదుగా జారుతున్న గుండీల దండ. మా ఆడపడుచు వియామ్ పెళ్లికి ఆమె అల్లిన దండ అది. పెళ్లి అయిపోయాక, అత్తగారు సరేనన్నాకే ఆ ఫోటో పేజీలో పెట్టాను.

మూడు వారాల కిందట ముక్కూమొహం తెలియని ఒకావిడ నుంచి సందేశం వచ్చింది. "సిగ్గులేదా? ఒక్కసారి ఉతికితే దారం ఊడి లోపల ప్లాస్టిక్ పూస బయటపడింది." ఆవిడ కొన్నది నా దగ్గర కాదు. ఫెస్‌లో ఎవరో ఒక దుకాణదారు నా ఫోటోలన్నీ ఎత్తుకుపోయి తన పేజీలో పెట్టుకున్నాడు. వాటిని చూపించి యంత్రం మీద చేసిన గుండీలు అమ్ముతున్నాడు. అవి నా ఫోటోలేనని చూడగానే తెలిసింది. ఒకదాని మూలన నేను తుడవడం మరిచిపోయిన రవ్వ పలుకు కూడా అలాగే ఉంది. అత్తగారి చెయ్యి ఉన్న ఫోటోను పేజీకి ముఖచిత్రంలా పెట్టాడు. ఆ కాలిన మచ్చ మీద అడ్డంగా బంగారు అక్షరాలతో తన దుకాణం పేరు రాసుకున్నాడు.

తీసెయ్యమని రాస్తే నన్ను బ్లాక్ చేశాడు. ఆ సైట్‌వాళ్లకు ఫిర్యాదు చేస్తే రుజువు పంపమన్నారు. అసలు ఫోటోలు పంపాను. ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా మా గుండీలు ఎక్కువగా కొనే మెక్నెస్ ఊరి దర్జీ ఫోన్ చేశాడు.

"నీ మీద నాకు అనుమానం లేదమ్మా," అన్నాడు. "కానీ పెళ్లికూతుళ్ల తల్లులు ఆ ఫోటో చూపించి, ఇవి ఆ మోసపు గుండీలే కదా అంటున్నారు. వాళ్లకు నేనేం చెప్పను? ఇది తేలేదాకా నీ సరుకు కుట్టలేను."

పేజీ మూస్తే నాకు పోయేది ఒక వ్యాపకం అనుకుంటాడు మిమూన్. కానీ సందులోని ఆడవాళ్లందరికీ మళ్లీ ఆ దళారీ సంచీయే గతి. వాళ్ల ముఖాల్లోకి చూసి ఆ మాట చెప్పాల్సింది నేను.

ఆ గురువారం మధ్యాహ్నం పక్కింటి తామో దండలు ఇవ్వడానికి వచ్చింది. మాటల్లో ఆ దొంగ పేజీ చూపించమని అడిగింది. చూసి, ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని కెవ్వుమంది.

"లల్లా యామ్నా, పెద్దమ్మా! వీడు నీలం గుండీని కూడా అమ్మకానికి పెట్టాడు!"

అత్తగారి సూది ఆగింది. ఫోన్ అందుకుని చాలాసేపు చూశారు.

మా సందులో కూతురి పెళ్లికి అల్లే దండలో మొదటి గుండీ తల్లే అల్లాలి. దాని నడుమ నీలం దారం ఒక చుట్టు వేస్తుంది. ఆ గుండీని బయటికి కుట్టరు. కాఫ్తాన్ మెడ లోపల, ఎవరికీ కనబడని చోట, దిష్టి తగలకుండా కుడతారు. ఒక కూతురికి ఒక్కటే. దాన్ని అమ్మరు, ధర అడగరు, అప్పు కూడా ఇవ్వరు. వాడు నా ఫోటోలోంచి వియామ్ నీలం గుండీని విడిగా కత్తిరించి, పెద్దది చేసి, "ఈ సంవత్సరపు కొత్త రకం" అని రాశాడు.

"వాడి నంబరు ఉందా?" అని అడిగారు అత్తగారు.

నా ఫోన్ వాడు ఎత్తడు. తామో ఫోన్ నుంచి చేసి, అందరికీ వినబడేలా పెట్టి ఆవిడ ముందుంచాను.

ఆవిడ పలకరించగానే, "చెప్పండి హాజ్జా," అన్నాడు, పెద్దావిడలను పిలిచే మర్యాదతో. గొంతు తేనెలా ఉంది.

"ఆ నీలం గుండీ నాయనా. అది మీరే చేస్తారా?"

"మా సొంత పనివాళ్లు, హాజ్జా. మా కార్ఖానాలోనే. ఈ ఏడాది అందరూ అదే అడుగుతున్నారు."

"ఎన్ని ఉన్నాయి?"

"ఎన్ని కావాలంటే అన్ని. వంద తీసుకుంటే ధర తగ్గిస్తాను."

"వంద చాలు. నాకు వందమంది కూతుళ్లు."

"వందమందా హాజ్జా?"

"నీ కార్ఖానాలో వందమంది తల్లులు ఉండగా, నాకు వందమంది కూతుళ్లుంటే తప్పేంటి?"

తామో నవ్వు ఆపుకోలేక తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది.

"ఎవరమ్మా మీరు?" తేనె ఎండిపోయింది.

"నువ్వు పేరు రాసుకున్నావే, ఆ బొటనవేలు నాది."

వాడు నవ్వాడు. భయపడతాడేమో అనుకున్నాను, భయపడలేదు. "అయితే ఏం చేస్తారు? చెయ్యి చూసి మనిషిని ఎవరు గుర్తుపడతారు? ఊళ్లో ముసలమ్మలందరికీ అలాంటి చేతులే ఉంటాయి. వెళ్లి ఎవరితో చెప్పుకుంటారో చెప్పుకోండి," అని పెట్టేశాడు.

తామో తిట్లు అందుకుంది. వాడి మూడు తరాలనూ వదలలేదు. అత్తగారు మాత్రం సూది తీసుకుని, ఆపిన చోటి నుంచి అల్లడం మొదలుపెట్టారు. సాయంత్రం దాకా అలాగే ఉన్నారు. ఒకసారి మాత్రం, "ఆ దుకాణం ఎక్కడుంది?" అని అడిగారు. బజారులో కాఫ్తాన్ల వీధి మొదట్లోనే, ఎదురుగా నీళ్ల కుళాయి, దాని చుట్టూ అరుగు ఉందని చెప్పాను. నా చదువు రోజుల్లో ఆ అరుగు మీద చాలాసార్లు కూర్చున్నాను. ఆవిడ తల ఊపారు.

మర్నాడు శుక్రవారం. కుస్‌కుస్ రవ్వ మూడోసారి ఆవిరి పట్టి, చేత్తో విడదీసి, పళ్లెంలో గుట్టగా పోశాను. పైన గుమ్మడి, క్యారెట్, ముల్లంగి, నడుమ మాంసం. నమాజు నుంచి వచ్చి మిమూన్ కూర్చున్నాడు. శుక్రవారం ఎవరూ ఒంటరిగా తినకూడదని తామోనూ పిలిచాం. నలుగురం ఒకే పళ్లెం చుట్టూ చేరాం.

రెండు ముద్దలు తిన్నాక మిమూన్ అడిగాడు. "తీసేశావా?"

రాత్రంతా తయారు చేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "లేదు," అన్నాను. "తీయను. దొంగ వాడైతే తలుపు మూసుకోవాల్సింది నేనా? నా ఫోటోలు నేనే తీసేస్తే, అవి వాడివేనని నేనే ఒప్పుకున్నట్టు."

"జనం నవ్వుతున్నారు బహీజా!"

"నవ్వింది నీ కాఫీ కొట్టులో. ఏడ్చేది ఈ సందులో."

"బాగా చెప్పావే!" అంది తామో. మిమూన్ చూపు తగలగానే గుమ్మడి ముక్క నోట్లో పెట్టుకుంది.

అతను తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వైనా చెప్పు. నీ చెయ్యి అలా బజారున పడి..."

"బజారులో ఉండాల్సిందే అది," అన్నారు అత్తగారు. "తప్పు మనదే. చెయ్యి ఒక్కటే పంపాం. మిగతా మనిషిని ఇంట్లో దాచాం. అందుకే వాడికి దొరికింది."

ఆవిడ వేళ్లు తుడుచుకున్నారు. ఆవిడ తింటూ మధ్యలో వేళ్లు తుడుచుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"బహీజా, తిన్నాక నా ఫోటో తియ్యి. ముఖంతో. కింద నా పేరు రాయి, మా అమ్మ పేరు రాయి, ఈ సందు పేరు రాయి. తామోది కూడా. మిగతావాళ్లను నేను అడుగుతాను. ఇష్టమున్నవాళ్లది పెట్టు, లేనివాళ్లను బలవంతం చెయ్యకు. సోమవారం మేము ఫెస్ వెళ్తున్నాం. వాడి దుకాణం ఎదుట అరుగు మీద కూర్చుని అల్లుతాం. లోపలికి పోయేవాళ్లు ముందు మా వేళ్లు చూస్తారు, తర్వాత వాడి గుండీల పెట్టె చూస్తారు. నువ్వు ఫోన్ పట్టుకుని అదంతా పేజీలో చూపించు. ఆ మెక్నెస్ దర్జీని కూడా చూడమను."

"వాడు పోలీసులను పిలిస్తే?" అన్నాడు మిమూన్.

"పిలవనీ. వాళ్లకూ భార్యలుంటారు, కాఫ్తాన్లుంటాయి."

"అమ్మా, నలుగురూ ఏమంటారు?"

"యామ్నా వీధిలో కూర్చుని గుండీలు అల్లుతోందంటారు," అన్నారు ఆవిడ, మళ్లీ పళ్లెంలో చెయ్యి పెడుతూ. "అల్లుతాను. నువ్వు రావాలంటే రా. రాకపోతే సోమవారం భోజనం నువ్వే వండుకో."