చిన్నప్ప బండికి కొత్త ఆయిల్

మా తమ్ముడు చిన్నప్ప పోయిన నూట పన్నెండో రోజున, అతని పికప్ బండికి గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించడానికి నేనూ మరదలు భాగీరథమ్మా దేవనహళ్ళి దగ్గరున్న మెకానిక్ మునీంద్ర షెడ్డుకు వెళ్ళాం. బండి ఆమే నడిపింది. తొమ్మిదేళ్ళ కిందట ప్రమాదంలో చిన్నప్పకు ఎడమకాలు మోకాలి దాకా తీసేశారు. అందుకే క్లచ్ తొక్కే పని లేకుండా, తనంతట తానే గేర్లు మార్చుకునే బండి కొన్నాడు. దాని మీదే తన తోటలోని గులాబీలు మార్కెట్టుకు వేసేవాడు.

ఇప్పుడు తోటా బండీ ఆమెవి. బండి చల్లగా, ఖాళీగా ఉన్నంతసేపు గేరు పడుతుంది; వేడెక్కినా, బరువు వేసినా జారుతుంది. తోట నుంచి పెద్ద రోడ్డుకు ఎక్కే ఎత్తు దగ్గర రోజూ పక్కతోట ట్రాక్టరుతో లాగించుకుంటోంది. వాళ్ళు ఒక్కరోజు కుదరదంటే పూలు తోటలోనే వాడిపోతాయి.

ఆమెకు తెలియనిది ఒకటుంది. మూడేళ్ళ కిందటే ఈ ఆయిల్ మార్చమని మునీంద్ర చెప్పాడు. చిన్నప్ప నగరంలో, బళేపేటలో ఉన్న నాకు ఫోన్ చేసి అడిగాడు. ముప్ఫై నాలుగేళ్ళు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. కంపెనీ ఇచ్చిన పుస్తకాన్ని ఫోన్‌లోనే తెప్పించుకుని చదివాను. సాధారణ వాడకంలో మార్చనవసరం లేదని ఉంది. "చక్రాల కింద నిమ్మకాయ పెట్టడం ఎంతో, మెకానిక్ మాట నమ్మడమూ అంతే. ఆధారం అడగరా" అన్నాను. చిన్నప్ప నవ్వి, సరే అన్నాడు.

తరువాతి పేజీ నేను తిప్పలేదు. బరువులు మోసే బండికి, ఎత్తులెక్కే బండికి అరవై వేల కిలోమీటర్లకొకసారి మార్చాలని అక్కడ ఉంది. అది చదివింది అతని పదకొండో రోజు అయ్యాక.

చనిపోయిన రోజు ఉదయం చిన్నప్ప మార్కెట్టు నుంచి వచ్చి గుండె పట్టుకుని కూలబడ్డాడు. భాగీరథమ్మ అతణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరింది. ఎత్తు మీద ఇంజను అరిచింది, బండి కదలలేదు, వెనక్కి జారింది. ఆటో దొరికేసరికి ఇరవై అయిదు నిమిషాలు. ఆసుపత్రి గేటు దాకా కూడా ప్రాణం నిలవలేదు.

మునీంద్ర బండిని షెడ్డులోని రిపేరు గుంత మీద నిలిపి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ముందే చెప్తా ఉండాను మేష్ట్రే. లక్షా అరవై వేలు పాత ఆయిల్ మీదే తిరిగింది. ఇప్పుడు కొత్తది పోస్తే గేరు పట్టచ్చు, అసలుకే పట్టకుండా పోవచ్చు. గేర్‌బాక్స్ లోపల అరిగిన ప్లేట్ల పొడి పాత ఆయిల్లో ఉండాదే, ఆ గరుకు మీదే ఇన్నాళ్ళూ లాక్కొచ్చింది."

"దానికి ఆధారం?" అన్నాను, అలవాటు కొద్దీ.

"ఆధారమా? నా చేతుల్లోనే చచ్చిన రెండు బండ్లు మేష్ట్రే."

భాగీరథమ్మ నవ్వింది. "పోసెయ్యప్పా మునీంద్రా. ఇట్ల జారతా జారతా ఎన్నాళ్ళు తిరిగేది?"

"మూడేండ్ల కిందనే చెప్తినక్కా. ఎవరో పెద్దమనిషి పుస్తకం చూసి వద్దన్నాడంట. ఆ పుస్తకాన్నే తెచ్చి ఇందులో పొయ్యమనాల."

ఆమె మళ్ళీ నవ్వింది. నేను గుంతలోకి చూస్తూ నిలబడ్డాను.

దానిమ్మరసంలా ఎర్రగా ఉండవలసిన ఆయిల్ కాఫీ డికాషన్‌లా దిగింది. మాడిన వాసన. ఎంత దిగిందో అంతే పొయ్యాలని మునీంద్ర దాన్ని కొలిచాడు. అడుగు రేకు విప్పి, దానికున్న అయస్కాంతాన్ని నా చేతిలో పెట్టాడు. దానికి మెత్తని బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంది.

"పొడే. ఇనుప ముక్కలు లేవు. ఆశ ఉండాది" అన్నాడు.

ఫిల్టరు మార్చి, కొత్త ఆయిల్ పోసి, ఇంజను నడుస్తుండగానే గేరు కడ్డీని ఒక్కొక్క స్థానంలో ఆపుతూ రెండుసార్లు తిప్పాడు. ఆయిల్ మట్టం చూసి తల ఊపాడు.

"వేడెక్కేదాకా తిప్పి, ఆ ఎత్తు మీదే చూడండక్కా."

ఆమె అరగంట తిప్పింది. నేను పక్క సీట్లో ఉన్నాను. తోట దాకా దిగి, బండిని వెనక్కి తిప్పుకుని, ఎత్తు మొదట్లో ఆగింది. అప్పుడు నాలో ఒక కోరిక ఉందని గమనించాను: గేరు పట్టకూడదని. కొత్త ఆయిల్‌తోనూ ఎక్కకపోతే తప్పు యంత్రానిది, నాది కాదు. పరీక్షకు ముందే ఫలితాన్ని కోరుకోవద్దని పిల్లలకు ముప్ఫై నాలుగేళ్ళు చెప్పాను. ఇక్కడ ఈమె బతుకుతెరువు చెడిపోవాలని కోరుకుంటున్నాను.

ఆమె పెడల్ నొక్కింది. బండి ఒక్కసారి కూడా తడబడకుండా ఎక్కింది.

"ఎక్కింది బావా!" అని అరిచింది. పైన రోడ్డు పక్కన ఆపింది. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. మొహంలో సంతోషం ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అప్పుడే మార్చుంటే... ఆ పొద్దు కూడా ఎక్కుండేదా?"

"ఎక్కేది."

"ఆయన బతికుండేవాడా?"

"తెలియదమ్మా. బతికే అవకాశం మాత్రం ఉండేది."

"మరి ఎవరు బావా ఆ పెద్దమనిషి? ఇందాక డబ్బులిస్తా మునీంద్రను అడిగితే పేరు తెలీదన్నాడు."

"నేనే. ఒక పేజీ చదివి చెప్పాను. రెండోది చదవలేదు."

ఆమె అద్దంలోంచి రోడ్డు వైపే చూసింది.

"ఆయన ఏమడిగినా, మా అన్న చదివినోడు, కనుక్కుంటా అనేవాడు" అంది, గొంతు పెంచకుండా. "నేనేమన్నా చెప్తే నీకేం తెలుసే అనేవాడు."

చెయ్యి చాపి నా వైపు తలుపు తెరిచింది.

"దిగండి బావా. నాకు పూలు కొయ్యాల్సిన పనుండాది."

దిగాను. బస్సు ఎక్కడ ఆగుతుందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. బండి తిరిగి తోటలోకి దిగింది. చాలాసేపటికి బుట్టలు నింపుకుని, నేను నిలబడ్డ చోటు దాటి, మార్కెట్టు వైపు వెళ్ళింది. ఆమె ఇటు చూడలేదు. ఒకటో గేరు నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు, ఎక్కడా జారకుండా మారడం వినబడినంత దూరం విన్నాను.