పక్క గది పలకరింపు

ఒటియెనోలో వంక పెట్టడానికి ఏమీ దొరకకపోవడమే హైమవతికి అతని మీద ఉన్న మొదటి ఫిర్యాదు.

ఇద్దరూ ఒకే ఆగస్టులో, ఒకే రకం ఎక్స్ఛేంజ్ వీసా మీద వచ్చి ఫీనిక్స్‌లోని ఆ మిడిల్ స్కూల్లో టీచర్లుగా చేరారు. ఆవిడది తుని, చెప్పేది లెక్కలు. అతనిది కెన్యాలో కిసుము, చెప్పేది సైన్సు. గదులు పక్కపక్కనే. మొదట్లో ఇద్దరి ఇంగ్లీషుకీ పిల్లలు ఒకేలా నవ్వారు. దీపావళి వెళ్ళేసరికి అతని యాసని ముద్దుగా అనుకరించడం మొదలుపెట్టారు. ఆవిడ యాసకి మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఇందులో న్యాయం ఎక్కడుందో ఎవరైనా చెప్పాలి.

రోజూ పొద్దున్నే ఒటియెనో తన గది గుమ్మంలో నిలబడేవాడు. వచ్చేపోయే ప్రతి పిల్లనీ పేరు పెట్టి పిలిచి, చెయ్యి కలిపి, ఇంట్లో ఎలా ఉన్నారు, అమ్మ బాగుందా అని అడిగేవాడు. వాళ్ళ వైపు పలకరింపు అంటే అదేనట. మనిషిని పలకరించి, ఇంటివాళ్ళని అడగకపోతే సగం పలకరించినట్టట. మధ్యాహ్నం లంచ్ రూమ్ గుమ్మం దగ్గర డ్యూటీ కూడా అతనిదే కాబట్టి అక్కడా అదే వరస. అమ్మకి జలుబు చేసిందనీ, కొత్త ఉద్యోగం వచ్చిందనీ చెప్పుకుంటూ పిల్లలు అతని చుట్టూ మూగేవారు. హైమవతిని కూడా వదిలేవాడు కాదు. మీ అమ్మగారు బాగున్నారా అని రోజూ అడిగేవాడు. ఆవిడ "ఫైన్" అని ఒక్క ముక్క విసిరేసి తన గదిలోకి వెళ్ళిపోయేది.

తునిలో ఆవిడ గదిలో అడుగు పెడితే క్లాసు క్లాసంతా లేచి నిలబడేది. టీచర్స్ డే నాడు బల్ల మీద గులాబీలు పట్టేవి కావు. ఇక్కడ లేవడం మాట దేవుడెరుగు, తలెత్తి చూసేవాళ్ళే లేరు. దానికైనా అలవాటు పడేదేమో గానీ, గోడ అవతల నుంచి ఆ నవ్వులు వినిపిస్తుంటే ఎలా అలవాటు పడుతుంది?

ఫీనిక్స్ పక్కనే ఉన్న చాండ్లర్‌లో ఆవిడతో అపార్ట్‌మెంట్ షేర్ చేసుకుంటున్న సాయి ప్రియ కరీంనగర్ పిల్ల, మాస్టర్స్ చదువుతోంది. రోజూ సాయంత్రం ఒటియెనో పురాణం వినీ వినీ ఒకనాడు ఉన్న మాట అనేసింది.

"అక్కా, స్కూల్ మంచిగనే ఉంది. నువ్వే కుళ్ళుకుంటున్నవ్. యాక్సెప్ట్ చేయరాదు?"

హైమవతి చారులో పోపు కాస్త గట్టిగానే వేసింది. కుళ్ళే. కాదని ఎవరన్నారు? ఒక్క పిల్ల, ఒకే ఒక్క పిల్ల, అతన్ని దాటుకుని తన దగ్గరికి వస్తే చాలు. ఈ దేశంలో ఆవిడకి అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

సంక్రాంతి సెలవులు కూడా లేని ఆ జనవరిలో, పిల్లల మంచీచెడ్డా చూసే స్కూలు కౌన్సెలర్ టీచర్లందరినీ లైబ్రరీకి పిలిచింది. గోడ నిండా పిల్లల ఫొటోలు. ఒక్కో టీచరుకి ఒక్కో రంగు చుక్కల స్టిక్కర్లు. కష్టం వస్తే ఏ పిల్ల మీ దగ్గరికే వచ్చి చెప్పుకుంటుందని మీకు నమ్మకం ఉందో, ఆ పిల్ల ఫొటో పక్కన మీ చుక్క అంటించాలి. ఒక్క చుక్కా లేని పిల్లలెవరో తేలితే వాళ్ళ సంగతి చూడవచ్చు. ఒటియెనోవి ఆకుపచ్చ చుక్కలు. కాసేపటికి గోడంతా తొలకరికి మొలిచిన గడ్డిలా తయారైంది. హైమవతి పసుపు చుక్కలు షీటు మీదే ఉన్నాయి.

ఆకుపచ్చ అంటని ఫొటో కోసం వెతికింది. దొరికింది. నీమా అనే కాంగో పిల్ల. టాంజానియాలో శరణార్థుల క్యాంపులో పెరిగి, పిన్నితో కలిసి ఈ దేశం వచ్చింది. ఇంట్లో మాట్లాడేది స్వాహిలీ. ఒటియెనోకి ఆ భాష బ్రహ్మాండంగా వచ్చు. అయినా అతను ఆ ఫొటో ముందు ఆగి, చుక్క ఊడదీసి, మళ్ళీ షీటుకే అంటించేశాడు. ఈ అమ్మాయి నాతో మాట్లాడదు, నేను అంటించకూడదు అన్నాడు. హైమవతికి ప్రాణం లేచొచ్చింది. గబగబా వెళ్ళి నీమా పక్కన పసుపు చుక్క అంటించి, గట్టిగా నొక్కింది. నీమా ఆవిడ క్లాసులో చివరి వరసలో కూర్చుంటుంది. ఇద్దరూ ఇప్పటిదాకా పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు.

కౌన్సెలర్ పరిగెత్తుకొచ్చి కావలించుకుంది. నీమా లంచ్ రూమ్‌కి వెళ్ళడం మానేసిందట. ఆ టైమంతా బాత్రూమ్‌లో దాక్కుంటోందట. ఎందుకో ఎవరికీ చెప్పడం లేదు, మీకైతే చెబుతుంది, కనుక్కోండి అంది. పోనీలెండి, ఆ పిల్లకి మీరున్నారు అంటూ ఒటియెనో కూడా వచ్చి మనస్ఫూర్తిగా చెయ్యి కలిపాడు. హైమవతికి ఆ చెయ్యి కాలినట్టయింది.

మర్నాడు రెండు డబ్బాల్లో నిమ్మకాయ పులిహోర పట్టుకెళ్ళి, లంచ్ టైముకి నీమాని తన గదికి పిలిచింది. పిలిచింది గానీ, ఏమని అడగాలో తోచలేదు. పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంది. ఆ పిల్ల మాట్లాడకుండా తిని వెళ్ళిపోయింది. ఇలా కొన్నాళ్ళు గడిచాక ఒకరోజు నీమాయే నోరు విప్పింది.

"మీ గదిలో బాగుంటుంది. మీరు ఏమీ అడగరు."

"ఇంకెవరు అడుగుతారు?"

"మిస్టర్ ఒటియెనో. రోజూ, మా భాషలో, అమ్మ బాగుందా అని. మా అమ్మ క్యాంపులోనే చనిపోయింది. అందరి ముందూ రోజూ ఏమని చెప్పను?"

లంచ్ రూమ్‌కి ఉన్నది ఒకటే గుమ్మం. ఆ గుమ్మంలో అతను.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, హైమవతికి మొదట కలిగింది జాలి కాదు, పండగ. దొరికాడు. ఏ పలకరింపుతో స్కూలంతటినీ కొంగుకి ముడేసుకున్నాడో, ఆ పలకరింపే తప్పయి కూర్చుంది. జాలి తర్వాత వచ్చింది, కారు నడుపుతుండగా, కళ్ళు మసకబారేంతగా. అయినా, సంగతి విన్న సాయి ప్రియ, సార్‌కి చెప్పినవా అక్కా అని అడిగితే చెప్పలేదంది. చెబితే అతను ఒక్కరోజులో సరిచేసుకుంటాడు. సరిచేసుకుంటే నీమా కూడా అతనిదే అయిపోతుంది. పిల్ల తన గదిలో కడుపునిండా తింటూనే ఉంది కదా, ఇంకేం కావాలి?

ఆ కావలసిందేమిటో కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. ఆవరణకి అవతల లంచ్ రూమ్ అద్దాలు. లోపల నీమా క్లాసు ఆడపిల్లలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని పగలబడి నవ్వుతుంటారు. ఏ మాటకి నవ్వుతున్నారో వినపడదు. అయినా ఇక్కడ నీమా పెదాలు కూడా కదులుతుంటాయి. హైమవతి ఒకరోజు చూసి చూసి, ఎండ మీద పడుతోందని కిటికీ బ్లైండ్ దించేసింది. నీమా దించిన బ్లైండ్ వైపే చూస్తూ తింది.

హైమవతి తన డబ్బాకి మూత పెట్టేసింది. అవతలివాళ్ళ నవ్వులకి ఇవతల కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ స్కూల్లో ఆవిడ కన్నా ఎవరికి తెలుసు?

ఆ సాయంత్రం ఒటియెనో గదికి వెళ్ళి చెప్పేసింది. బోర్డు తుడుస్తున్నవాడు అలాగే పిల్లల కుర్చీలో కూలబడ్డాడు.

"అయితే ఆ పిల్లని రోజూ నేనే ఏడిపించానన్నమాట," అన్నాడు.

అతని మొహం అంతగా వాడిపోతే చూడాలని ఆవిడ ఎన్నాళ్ళనుంచో ముచ్చటపడింది. తీరా చూశాక సంతోషం కలిగింది గానీ, అనుకున్నంత కలగలేదు.

మర్నాడు గుమ్మంలో నిలబడి అతను పేర్లు మాత్రమే పిలిచాడు. హైమవతిని కూడా అమ్మగారి గురించి అడగలేదు. ఆవిడ రెండడుగులు వేసి, ఏదో తక్కువైనట్టు వెనక్కి చూసింది. మధ్యాహ్నం నీమా రాలేదు. బ్లైండ్ ఎత్తి చూస్తే, ఆ పిల్ల లంచ్ రూమ్ గుమ్మం దాటి, ట్రే పట్టుకుని ఆ బల్ల దగ్గరికే వెళ్తోంది. ఎవరో పక్కకి జరిగి చోటిచ్చారు. పోయింది, ఉన్న ఒక్క చుక్కా పోయింది అనుకుంది హైమవతి. రెండు డబ్బాల్లో ఒక్కటి కూడా తెరవలేదు.

చివరి గంట కొట్టాక గుమ్మంలో నీమా.

"మీరే చెప్పారు కదా ఆయనకి."

హైమవతి బల్ల మీది రెండు డబ్బాలూ పక్కకి జరిపింది. "ఇంక నిన్ను ఎవరూ ఏమీ అడగరులే," అంది.

నీమా బల్ల దగ్గరికి వచ్చి, తన డబ్బా మూత తీసింది. చల్లారి గట్టిపడిన పులిహోరలో స్పూను గుచ్చి, తలెత్తకుండానే అంది.

"మీరు అడగండి."

"ఏమని?"

"మా అమ్మ గురించి."

పక్క గదిలో ఒటియెనో చుట్టూ చేరిన పిల్లలు పెద్దగా నవ్వుతున్నారు. ఒక్క పిల్లతో ఉన్నప్పుడు తలుపు పూర్తిగా మూయకూడదని స్కూలు రూలు. హైమవతి లేచి, రూలు ఒప్పుకున్నంత మేరా తలుపు దగ్గరగా వేసింది. ఇందులో ఒక్క ముక్క కూడా ఆ గదికి వినపడటానికి వీల్లేదు. వెనక్కి వచ్చి, కుర్చీ లాక్కుని నీమా ఎదురుగా కూర్చుంది.

"మీ అమ్మ పేరేమిటి?"