సువార్తమ్మ మాట

మా అమ్మాయి కెజియాకి మెడిసిన్‌లో మంచి ర్యాంకే వచ్చింది, ఎస్టీ కులం సర్టిఫికెట్ ఒక్కటే లేదు. పదిహేను రోజుల్లో అది చేతికి రాకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. తప్పు నాదే. రేపల్లెలో ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా బతికాను గానీ, మేము ఎరుకలవాళ్ళమని ఏనాడూ నోరు విప్పి చెప్పలేదు. చెబితే మర్నాటి నుంచి జనం నా మొహం మానేసి నా చేతుల వైపు చూస్తారని భయం. మమ్మల్ని పుట్టుకతోనే దొంగలని తెల్లవాళ్ళు చట్టం రాశారు. ఆ చట్టం పోయింది గానీ ఆ చూపు మాత్రం ఎక్కడికీ పోలేదు. "మీరేవిట్లు?" అని ఎవరైనా కులం అడిగితే "క్రైస్తవులమండి" అని తప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ తప్పించుకోవడమే పిల్ల మెడకు చుట్టుకుంది.

దరఖాస్తు పెడితే బాపట్ల ఆఫీసు నుంచి కబురొచ్చింది. మీ పేర్లన్నీ బైబిల్లోవి, ఇంట్లో ఎరుకల ఆచారం ఒక్కటీ లేదు, మిమ్మల్ని ఎలా నమ్మాలన్నారు. ఇంటి పెద్దను వెంటబెట్టుకు రండి, మీ భాష వచ్చో రాదో చూస్తామన్నారు.

ఇంటి పెద్ద అంటే మా అమ్మ మాణిక్యాంబ. ఎనభై ఆరేళ్ళ మనిషి. పుట్టింది బాపట్ల అవతల ఒక సెటిల్మెంటులో. ఎరుకలవాళ్ళను ఎక్కడెక్కడి నుంచో తోలుకొచ్చి, చుట్టూ కాపలా పెట్టిన ఊరది. పెద్దవాళ్ళు రోజూ హాజరు పలకాలి. పిల్లలు తల్లిదండ్రుల దగ్గర ఉంటే దొంగతనం నేర్చుకుంటారని వాళ్ళను విడదీసి బోర్డింగులో పెట్టేవారు. అమ్మ ఐదో ఏట అందులోకి వెళ్ళి పదిహేనో ఏట బయటికొచ్చింది. ఎప్పుడడిగినా "బానే చూశార్రా, గంజి పోశారు, చదువు చెప్పారు" అనేది, అక్కడితో సరి. భాష సంగతి అడిగితే రాదనేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు సెలవులకు సెటిల్మెంటుకు వెళ్ళి, అక్కడి పిల్లల దగ్గర నాలుగు మాటలు పట్టుకొచ్చి గొప్పగా అప్పజెబితే చెంప పగలగొట్టింది. ఆవిడ నన్ను కొట్టింది జన్మలో ఆ ఒక్కసారే.

అమ్మకు ఒక చెల్లెలుండేది, సువార్తమ్మ. మా పిన్ని. సెటిల్మెంటులోనే ఉండిపోయింది, పోయినేడు కాలం చేసింది. పెళ్ళిళ్ళకీ చావులకీ వచ్చేది, మమ్మల్నందరినీ దగ్గరకు తీసేది, మా అమ్మతో మాత్రం ఒక్క ముక్క మాట్లాడేది కాదు. ఇద్దరూ ఒకే పందిట్లో పక్కపక్కన కూర్చుని అన్నం తిని, మొహాలు చూసుకోకుండా లేచిపోయేవాళ్ళు. ఏదో స్థలం తగాదా అయి ఉంటుందని మేము అనుకునేవాళ్ళం. మావాళ్ళకు తగాదా పడేంత స్థలం ఎక్కడేడ్చిందో ఒక్కరం ఆలోచించలేదు.

సీటు గడువు ముంచుకొస్తుంటే నేను ఊరుకుంటానా? సెటిల్మెంటులో ఉన్న మా దాయాది చేత పది మాటలు ఫోన్లో రికార్డు చేయించాను. నీళ్ళు, అన్నం, బుట్ట, ఇల్లు, ఇలాంటివే. వారం రోజులు అమ్మ చెవి దగ్గర పెట్టి వినిపించాను. ఆవిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేది. ఒక్క మాట తిరిగి అనలేదు.

విచారణ రోజు పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి తెనాలిలో దిగాం. బాపట్ల బండికి గంట టైముంది. ప్లాట్‌ఫారం మీద బల్ల చూసుకుని అమ్మను కూర్చోబెట్టి మళ్ళీ ఫోన్ తీశాను. మళ్ళీ చెంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా అరిచాను, నీ మొండితనంతో పిల్ల బతుకు బుగ్గిపాలు చేస్తున్నావని. కెజియా నా చెయ్యి పట్టుకుని ఆపింది.

అమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న చెంగు తీసింది. "నన్ను మాట్లాడమనకురా మార్కూ. ఆ మాటలు మాట్లాడితే ఎవరో ఒకరు దెబ్బలు తింటారు."

ముసలితనం, చాదస్తం అనుకున్నాను.

బాపట్ల ఆఫీసులో ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు. కసిరి ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది. పక్కన సింగయ్యగారని ఒక రిటైర్డు మాస్టారు కూర్చున్నారు. ఆయనా ఎరుకలాయనే, మా నోట్లో ఉన్నది అసలు భాషో కాదో తేల్చడానికి పిలిపించారట. ఆఫీసరు అమ్మకు మంచినీళ్ళు తెప్పించి, "మామ్మగారూ, కంగారు పడకండి. మీ భాషలో రెండు మాటలు మాట్లాడండి, చాలు" అన్నాడు.

అమ్మ నోరు మెదపలేదు. సింగయ్యగారు తన భాషలో మెల్లగా ఏదో అడిగి చూశారు. దానికీ పలకలేదు. కాసేపటికి ఆఫీసరు పెన్నుకు క్యాప్ పెట్టేశాడు. కెజియా కళ్ళు తుడుచుకుని లేచి, "పర్లేదు నాయనమ్మా, ఇంటికి పోదాం రా" అని వంగి చెయ్యి అందించింది.

ఆ చేతిని అమ్మ గట్టిగా పట్టుకుంది. ఒకసారి గుమ్మం వైపు, ఒకసారి కిటికీ వైపు చూసింది. తర్వాత పిల్ల తలను దగ్గరికి లాక్కుని, రహస్యం అడుగుతున్నట్టు చిన్న గొంతుతో ఏదో అంది. కొంచెం ఆగి, ఇంకో గొంతుతో, పసిపిల్ల గొంతుతో, ఇంకేదో అంది. నా చెవికి అది అరవంలా వినిపించింది. నా సొంత భాష నాకు అంతకంటే తెలియదు.

సింగయ్యగారు నిటారుగా కూర్చున్నారు. ఏమన్నారని ఆఫీసరు అడిగాడు.

"మా భాషేనండి, అనుమానం లేదు. 'నీకేం కావాలే' అని అడిగింది. 'అమ్మ దగ్గరికి పోవాలి' అని మళ్ళీ తనే చెప్పింది."

ఆఫీసరు సంతోషపడి కాగితం మీద రాసుకున్నాడు. ఇలాంటి భాషలు పోనివ్వకూడదని, పిల్లలకు నేర్పాలని నాకు హితవు కూడా చెప్పాడు. నేను చేతులు కట్టుకుని అలాగేనండి అన్నాను. బయటికొచ్చి సిగ్గులేకుండా కడుపునిండా టిఫిన్ చేశాను. అమ్మ కాఫీ కూడా ముట్టలేదు.

తిరుగు రైలు తెనాలి దాటి వేమూరు వచ్చేసరికి అమ్మ తనంతట తనే మొదలుపెట్టింది. బోర్డింగులో ఒక చెక్క ఉండేదట, తాడు కట్టిన చెక్క. మన భాషలో మాట్లాడుతూ దొరికిన పిల్ల మెళ్ళో దాన్ని వేసేవారు. ఇంకో పిల్ల ఎవరైనా ఆ భాష మాట్లాడుతుంటే పట్టిస్తే, చెక్క ఆ పిల్ల మెళ్ళోకి మారేది. సాయంత్రం గంట కొట్టేటప్పటికి ఎవరి మెళ్ళో ఉంటే వాళ్ళకు బెత్తం దెబ్బలు, ఆ పూట కూడు లేదు. అందుకని పిల్లలే పిల్లల్ని వేటాడేవాళ్ళు. కొట్టేవాళ్ళకు పెద్ద పని ఉండేది కాదు.

"సువార్త కొత్తగా వచ్చిందిరా. ఐదేళ్ళది. దానికి తెలుగు ముక్క రాదు. వచ్చిన కాణ్ణుంచి నోరు మూసుకునే ఉంది, అలా ఉండమని నేనే చెప్పా. ఆ రోజు చెక్క నా మెళ్ళో ఉంది. గంట కొట్టే వేళయింది. ఎవరూ దొరకలేదు." అమ్మ కిటికీ బయటికి చూస్తూనే చెప్పింది. "దాని పక్కన కూర్చుని, మన మాటల్లోనే, నీకేం కావాలే అని అడిగా. అక్కని కదా, చెప్పింది. నేను చెయ్యెత్తి టీచరమ్మని పిలిచా."

పిన్ని డెబ్బై ఏళ్ళకు పైగా అమ్మతో ఎందుకు మాట్లాడలేదో ఇప్పుడు తెలిసింది. నా చెంప ఎందుకు పగిలిందో కూడా తెలిసింది.

వేమూరు దాటాక కెజియా మెల్లగా చెప్పింది. కెనడాలో కూడా ఆదివాసుల పిల్లల్ని ఇలాగే బోర్డింగుల్లో పెట్టి భాష మరిపించారట, తను చదివిందట. చివరికి అక్కడి ప్రభుత్వం క్షమించమని అందరి ముందూ అడిగిందట. నాయనమ్మను ఓదార్చడానికి పిల్లకు దొరికింది అదొక్కటే.

అమ్మ శ్రద్ధగా వింది. "దెబ్బలు తిన్నోళ్ళని అడిగుంటారు. మరి నాలాగా పట్టించినోళ్ళని కూడా అడిగారా?"

కెజియా ఫోన్లో వెతకబోయి మానేసింది.

గడువుకు రెండు రోజుల ముందు సర్టిఫికెట్ వచ్చింది. నేను దాన్ని తీసుకుని అమ్మ మంచం దగ్గర కూర్చున్నాను. ఏం రాశారో చదవమంది. చదివాను. పిల్ల పేరు, నా పేరు, ఊరు, జిల్లా, కులం ఎరుకల. తెనాలిలో అరిచినందుకు ఏదో ఒకటి అనాలని, నువ్వు ఆ రోజు మాట్లాడబట్టే ఇది వచ్చిందమ్మా అన్నాను.

అమ్మ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో సువార్త పేరుందా?"

"పిన్ని పేరెందుకుంటుందమ్మా?"

"ఆ మాట దానిది కదరా" అని కాగితం నా చేతిలో పెట్టేసింది.